వయసొచ్చింది, బుద్ధి రాలేదా?

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో, రిటైరైన తండ్రి తన నలభై ఏళ్ల కొడుకును చూపించి "ఈడికి ఈడొచ్చింది గానీ బుద్ధికి ఆరేళ్లే బావూ" అంటే ఎవరైనా కాసేపు మాట్లాడలేరు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికొచ్చి అక్కడే పాతుకుపోయిన కుటుంబాల ఊరది. ఆ ఇళ్లలో ఈ ఆరేళ్ల లెక్కను ఎవరూ ప్రశ్నించరు. డాక్టరే చెప్పాడు కదా అంటారు.

ఆ లెక్క పుట్టింది పారిస్‌లో. బడిలో ఏ పిల్లలకు అదనపు సాయం కావాలో తేల్చడానికి ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ 1905లో ఒక పరీక్ష తయారుచేశారు. 1908లో ప్రశ్నలను వయసుల వారీగా పేర్చారు. ఆరేళ్ల పిల్లలు మామూలుగా చేసేవి ఇవి, ఏడేళ్ల వాళ్లు చేసేవి ఇవి అని. బినే దాన్ని వయసు అనలేదు, మానసిక స్థాయి అన్నాడు. శిక్షణతో ఆ స్థాయి పెరుగుతుందనీ నమ్మాడు. ఆయన 1911లో పోయాడు. మరుసటి ఏడాది విలియం స్టెర్న్ ఆ స్థాయినే మానసిక వయసుగా తీసుకుని అసలు వయసుతో భాగించాడు. 1916లో అమెరికాలో లూయిస్ టెర్మన్ దాన్ని వందతో హెచ్చించి ఐక్యూ అన్నాడు.

పిల్లల దగ్గర నడిచిన ఈ లెక్క పెద్దల దగ్గరికొచ్చేసరికి తప్పింది. ఏడేళ్లవాడికీ ఎనిమిదేళ్లవాడికీ తేడా కనిపిస్తుంది; ముప్పైఏడుకీ ముప్పైఎనిమిదికీ ఏం తేడా చూపిస్తాం? మానసిక వయసు పదహారు దగ్గర ఆగిందనుకుని, దాన్ని ముప్పైరెండుతో భాగిస్తే నిక్షేపంలాంటి మనిషికి యాభై వస్తుంది. అందుకే టెర్మన్ పెద్దలందరినీ పదహారుతోనే భాగించమన్నాడు. 1939లో న్యూయార్క్ బెల్వ్యూ ఆసుపత్రిలో పనిచేసే డేవిడ్ వెక్స్‌లర్ ఆ భాగహారాన్నే వదిలేసి, పెద్దవాళ్లను వాళ్ల ఈడువాళ్లతో పోల్చాడు.

ఖరగ్‌పూర్ కుర్రాళ్లకు ఈ పోల్చే పద్ధతి కొత్తేం కాదు. అసిస్టెంట్ లోకో పైలట్ కావాలంటే రైల్వే ఆప్టిట్యూడ్ పరీక్ష రాయాలి. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, దూరాన్ని అంచనా వేయడం లాంటి ఒక్కో అంశంలో కనీసం 42 టీ-స్కోరు రావాలి. అందులో యాభై అంటే సగటు. ఇంజిన్ అప్పగించబోయే మనిషి బుద్ధికి ఎన్నేళ్లని రైల్వే అడగదు.

మానసిక వైకల్యం ఉన్న మనిషి దగ్గర మాత్రం మనం ఆ పాత కొలబద్దే పట్టుకున్నాం. 2009లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన సుచితా శ్రీవాస్తవ కేసులో ఆ లెక్క ఎంత దూరం పోగలదో కనిపిస్తుంది. చండీగఢ్ ప్రభుత్వ ఆశ్రమంలో ఉన్న ఒక యువతి అత్యాచారం వల్ల గర్భవతి అయింది. మానసిక వయసు తొమ్మిదేళ్లన్నారు. గర్భస్రావం చేయించమని హైకోర్టు ఆదేశించింది. ఆమె బిడ్డ కావాలంది. ఆమె సమ్మతి లేకుండా చేయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు తేల్చింది. తొమ్మిదేళ్ల పిల్లగా చూసుంటే ఆ మాట ఎవరూ వినిపించుకునేవారు కారు.

నలభై ఏళ్లు బతికినవాడు ఆరేళ్లవాడు ఎలా అవుతాడు? నలభై ఎండాకాలాలు చూశాడు. ఇంట్లో చావులు చూశాడు. తమ్ముడి పెళ్లిలో, తనకెందుకు కాలేదని లోపల అనుకునే ఉంటాడు. చిల్లర లెక్క రాకపోవచ్చు, రోడ్డు దాటడానికి తోడు కావాల్సి రావచ్చు. ఆ రెండూ విడివిడిగా చెబితే ఏ సాయం చేయాలో తెలుస్తుంది. ఆరేళ్లంటే ఏమీ తెలియదు.

రైల్వే పింఛను నిబంధన ఈ విషయంలో మనకంటే నయం. మానసిక వైకల్యం వల్ల సొంతంగా సంపాదించుకోలేని సంతానానికి తల్లిదండ్రుల తర్వాత జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది. బతుకుతెరువు చూసుకోగలడా అన్నదే అక్కడి ప్రశ్న. వైద్యుల ధ్రువపత్రం కావాలి, డబ్బు అందుకునే సంరక్షకుడు కావాలి. తండ్రి ఓపిక ఉండగానే ఆ పని చూసుకోవాలి. ఎవరి దగ్గర ఉంటావురా అని ముందు ఆ కొడుకునే అడిగి, ఆ పేరు రాయించాలి.