కారుకు కొత్త ఎయిర్ ఇన్‌టేక్: శబ్దం పెరిగినంతగా శక్తి పెరుగుతుందా?

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. 1.2 లీటర్ల ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుండగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, లెక్క ప్రకారం నిమిషానికి దాదాపు 1,800 లీటర్ల గాలిని పీల్చుకుంటుంది. ఆ గాలిని దుమ్ము వడగట్టి ఇంజిన్‌కు అందించేదే ఎయిర్ ఇన్‌టేక్. కంపెనీ అమర్చిన దాన్ని తీసేసి బయటి మార్కెట్‌లో దొరికేది బిగిస్తే ఇంజిన్ శక్తి పెరుగుతుందన్నది చాలామంది నమ్మకం.

కంపెనీ ఇన్‌టేక్‌లో గాలి సాధారణంగా ముందు గ్రిల్ దగ్గర నుంచో, ఫెండర్ లోపలి నుంచో వస్తుంది. అంటే ఇంజిన్ వేడి తగలని చల్లని గాలే లోపలికి వెళ్తుంది. ప్లాస్టిక్ పెట్టె శబ్దాన్ని అణిచివేస్తుంది, కాగితపు ఫిల్టర్ సన్నని దుమ్మును ఆపుతుంది.

బయట దొరికేవి ప్రధానంగా మూడు రకాలు. మొదటిది పాత పెట్టెలోనే అమర్చే, కడిగి మళ్లీ వాడుకోగల నూలు ఫిల్టర్. రెండోది బానెట్ కిందే తెరిచి ఉండే పొట్టి గొట్టం. దీనితో శబ్దం గంభీరంగా మారుతుంది కానీ, ఇంజిన్ పీల్చేది వేడి గాలి. గాలి వేడి 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే దాని సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుంది. ఆ మేరకు శక్తీ తగ్గుతుంది. మూడోది బంపర్ దాకా దిగే పొడవాటి గొట్టం. చల్లని గాలి అందుతుంది గానీ, వాన నీరు నిలిచిన రోడ్డు మీద ప్రమాదం ఇక్కడే ఉంది. నీరు గాలిలా కుదించుకుపోదు. సిలిండర్‌లోకి చేరితే కనెక్టింగ్ రాడ్ వంగిపోయి, ఇంజిన్ విప్పాల్సిన పరిస్థితి రావచ్చు. ఇలాంటి నష్టానికి ఇంజిన్ రక్షణ కవర్ విడిగా తీసుకోకపోతే సాధారణ బీమా పరిహారం ఇవ్వకపోవచ్చు.

నూలు ఫిల్టర్‌కు నూనె ఎక్కువగా పట్టిస్తే, గాలిని కొలిచే సెన్సర్ ఉన్న కార్లలో దానిపై నూనె పేరుకుని కొలతలు తప్పుతాయి. నాసిరకం ఫిల్టర్ గుండా వెళ్లే సన్నని ఇసుక పిస్టన్ రింగులను, సిలిండర్ గోడలను అరగదీస్తుంది. ఈ నష్టం ఒక్కరోజులో కనిపించదు. వేల కిలోమీటర్ల తర్వాత ఇంజిన్ ఆయిల్ తగ్గిపోతున్నప్పుడు బయటపడుతుంది.

వారంటీ షరతులనూ ముందే చదవాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

టర్బో ఇంజిన్‌కు కంప్యూటర్ ట్యూనింగ్‌తో పాటు ఇన్‌టేక్ మారిస్తే ప్రయోజనం ఉండవచ్చు. రోజూ ఆఫీసుకు, ఊరికి తిరిగే కారులో మాత్రం మార్పు చెవికే ఎక్కువ తెలుస్తుంది. అలాంటి కారుకు మాన్యువల్‌లో చెప్పిన గడువుకు, దుమ్ము రోడ్లయితే అంతకంటే ముందే, అసలు ఫిల్టర్ మార్చడమే తక్కువ ఖర్చుతో దక్కే మేలు.