మొగపావురానికి వైధవ్యం

వైధవ్యం అనగానే మన కళ్ళముందు నిలిచేది ఆడదే. భార్య పోయినవాణ్ణి 'విధురుడు' అంటారని నిఘంటువులో వుంది. కానీ ఆ మాట ఎవరైనా వాడగా మీరెప్పుడైనా విన్నారా? నేను వినలేదు. 'పాపం, భార్య పోయిందిట' అంటాం. ఆ నోటితోనే 'మళ్ళీ చేసుకుంటాడేమో కనుక్కోండి' అని కూడా అంటాం. అలాంటిది, వైధవ్యాన్ని మగజాతికే కట్టబెట్టి, అదీ భార్య పక్కగదిలో నిక్షేపంలా బతికి వుండగానే కట్టబెట్టి, దాన్నొక శాస్త్రంలా తీర్చిదిద్దిన దేశం ఒకటుంది. ఆ దేశం బెల్జియం. ఆ మగజాతి పందెపు పావురాలు.

పావురాల సరదా మనకేం కొత్త కాదు. హైదరాబాదు పాతబస్తీ మేడల మీద పావురాలని ఎగరేసేవాళ్ళు ఇప్పటికీ వున్నారు. ఆ పావురాలు తమ మేడ మీదే గిరికీలు కొట్టి దిగుతాయి. బెల్జియం వాళ్ళ ఆట వేరు. పావురాన్ని బుట్టలో పెట్టి వందలమైళ్ళ దూరం తీసుకుపోయి వదిలేస్తారు. తన గూడు వెతుక్కుంటూ అది ఎగిరి రావాలి. ఏ పావురం ఇల్లు దానిది, ఏ ఇంటి దూరం దానిది. అందుకని నిమిషానికి ఎన్ని మీటర్లు ఎగిరిందో లెక్కగట్టి గెలుపు తేలుస్తారు. మద్రాసులోనూ ఇలాంటి పందేల క్లబ్బులున్నాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సినిమాల్లో రాజకుమారి పావురం కాలికి ఉత్తరం కట్టి 'ప్రియుడి దగ్గరికి పో' అంటే అది పోతుంది చూడండి, నిజంలో అలా జరగదు. పావురానికి తెలిసిన దారి ఒక్కటే, ఇంటిదారి. ఎక్కడ వదిలినా అది ఇంటికే వస్తుంది. అంటే రాజకుమారి ఉత్తరం అందాలంటే ప్రియుడి ఇంట్లో పెరిగిన పావురాన్ని ముందే తెచ్చి తన దగ్గర వుంచుకోవాలన్నమాట!

ఈ ఇంటిమీది మమకారాన్నే మనిషి మొదట పనికి వాడుకున్నాడు, తరవాత ఆటకి. బెల్జియంలో నూరుమైళ్ళు దాటిన పందెం 1818లోనే జరిగింది. 1820లో పారిస్ నుంచి లీజ్ పట్టణానికి పందెం పెట్టారు. 1850లో రాయిటర్ అనే ఆయన బ్రస్సెల్సు నుంచి జర్మనీలోని ఆహెన్ పట్టణానికి షేర్ల ధరలు పావురాల చేత తెప్పించాడు. ఆ రెండు ఊళ్ళ మధ్య అప్పటికింకా టెలిగ్రాఫ్ తీగ పడలేదు. రైలు ఆరుగంటలు తీసుకునే దూరాన్ని పావురం రెండు గంటల్లో దాటేసేది. మనం రోజూ పేపర్లో చూసే రాయిటర్ వార్తాసంస్థ పెట్టింది ఆయనే. మరుసటి ఏడే తీగ పడింది, పావురాల ఉద్యోగం ఊడింది. 1870లో జర్మన్ సేనలు పారిస్‌ని ముట్టడించినప్పుడు మాత్రం మళ్ళీ వీటికి పిలుపొచ్చింది. బెలూన్లలో వూరు దాటించిన పావురాలు బయటి ఉత్తరాలు మోసుకుని లోపలికి వచ్చేవి.

పని పోయినా పందెం పెరిగింది. 1881లో ఇంగ్లండులో ఎక్సెటర్, ప్లిమత్, పెంజాన్స్ ఊళ్ళ నుంచి లండనుకి పందేలు మొదలయ్యాయి. 1886లో బెల్జియం రాజు లియోపోల్డు ఇంగ్లండు రాజకుటుంబానికి పావురాలని కానుకగా పంపాడు. అటు రాజమహల్లోనూ, ఇటు బొగ్గుగని కూలివాడి పెరట్లోనూ ఒకే ఆట!

ఇంతకీ పావురం అంత ఆత్రంగా ఇంటికెందుకు వస్తుంది? ఇక్కడే వస్తాయి రెండు పద్ధతులు.

మొదటిది సహజపద్ధతి. జంటని జంటగా బతకనిస్తారు. పావురాల కాపురం చూస్తే మనకి అసూయ కలుగుతుంది సుమండీ. ఆడది రెండు గుడ్లు పెడుతుంది. వాటిని పొదిగే పని ఇద్దరిదీ. పొద్దున ఎండెక్కింది మొదలు సాయంత్రం దాకా మొగపావురం కూచుంటుంది, ఆ తరవాత తెల్లవార్లూ ఆడది. మన ఇళ్ళల్లో మగవాళ్ళ ఆఫీసు వేళలు ఏవో, అవే మొగపావురానికి పొదిగే వేళలు! పదిహేడు పద్ధెనిమిది రోజులకి పిల్లలవుతాయి. ఇంకా విడ్డూరం, గొంతు కింది తిత్తిలో పాలలాంటి పదార్థం తల్లికే కాదు, తండ్రికీ వూరుతుంది. పసికూనలకి ఇద్దరూ నోటితో నోటికి పడతారు. 'పిల్లలకి పాలివ్వడం ఆడదాని పని' అనే మాట పావురాల దగ్గర చెల్లదు.

ఈ పద్ధతిలో పందేనికి మొగదీ వెళుతుంది, ఆడదీ వెళుతుంది. యజమాని చేసే తెలివైన పనల్లా, రోజులు లెక్కపెట్టుకోవడం. గుడ్ల మీద పదిరోజులు కూచున్న ఆడపావురం, లేదా గూట్లో వారం రోజుల కూన వున్న పావురం, రెక్కలు విరుచుకుని ఇంటికొస్తుందని వాళ్ళ అనుభవం. దూరపు పందేలకి ఆడపావురం మీద ఆశపెట్టుకునేవాళ్ళు ఎక్కువ. బార్సిలోనా నుంచి బెల్జియానికి జరిగే పందెం వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. కొండలూ, గాలివానలూ దాటి అంతదూరం రావాలంటే కాసేపటి ఉద్రేకం చాలదు. గూట్లో ఏదో తనకోసం కనిపెట్టుకుని వుండాలి.

రెండోదే వైధవ్యపద్ధతి. పేరు పెట్టింది నేను కాదు. ఫ్రెంచిలోనూ డచ్చిలోనూ ఆ మాటకి అర్థం వైధవ్యమే. ఇంగ్లీషువాళ్ళూ 'విడోహుడ్' అనే అన్నారు. చలికాలం చివర జంటలు కట్టి, ఒక ఈడు పిల్లల్ని లేపనిస్తారు. మళ్ళీ గుడ్లమీద కూచున్నాక, పందేలు మొదలయ్యేముందు ఆడదాన్ని తీసేస్తారు. మొగదాని గూడు మొగదానికే వుంటుంది. ఆడదాన్ని కనిపించనిచోట వేరే గదిలో వుంచుతారు. వారమంతా మొగపావురానికి తిండి, స్నానం, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి ఎగరడం, అంతే పని. పందేనికి బుట్టలో పెట్టేరోజున గూట్లో ఆడదాన్ని అయిదు పది నిమిషాలు చూపిస్తారు. అది రెక్క విప్పి, గొంతు ఉబ్బించి, 'వచ్చావా' అనేలోగా చెయ్యి లోపలికొస్తుంది, మొగపావురం బుట్టలో పడుతుంది. మర్నాడో మూడోనాడో ఎక్కడో వదిలితే అది ఇంకెక్కడా వాలదు. వచ్చేసరికి ఆడది గూట్లో వుంటుంది. కొన్ని గంటలు ఇద్దరినీ కలిసి వుండనిస్తారు. ఆ తరవాత మళ్ళీ వైధవ్యం, మళ్ళీ శనివారం దాకా.

లాభనష్టాలు బేరీజు వేస్తే ఇలా వుంటుంది. విధురుడికి పొదిగే బాధ్యత లేదు, పిల్లల్ని మేపే అలసట లేదు. ఈకలు రాల్చడం కూడా ఆలస్యమవుతుంది కనక రెక్క నిండుగా వుంటుంది. వారంవారం ఒకే వూపుతో ఎగరగలదు. అందుకే దగ్గర పందేల్లో, నడిమి దూరాల్లో ఈ పద్ధతిదే పైచెయ్యి. సహజపద్ధతిలో పావురం సత్తా గుడ్ల రోజుల్ని బట్టి, పిల్లల వయసుని బట్టి హెచ్చుతగ్గులవుతుంది. సీజను మొత్తంలో బాగా ఎగిరే వారాలు కొద్ది. కానీ అక్కడ జంటలో ఇద్దరూ పందెంలో వున్నారు. ఇక్కడ సగం పావురాలు ఎగరనే ఎగరవు. అవన్నీ ఆడవి. వాటి ఉద్యోగం వారానికి ఒకసారి కనిపించడం.

ఇందులో మొగదాని కష్టం గురించి వాళ్ళు పుస్తకాలు రాసుకున్నారు. ఎంతసేపు చూపించాలి, అసలు చూపించాలా వద్దా, వచ్చాక ఎంతసేపు వుంచాలి అని చర్చలు. మరి పక్కగదిలోదాని సంగతి? అది కూడా వాళ్ళకి తెలిసే వచ్చింది, వేరే విధంగా. ఆడపావురాలని ఒకచోట వుంచితే అవి దిగులుపడి కూచోవట. తమలోతామే జంటలు కట్టేసి, గుడ్లుపెట్టి, పొదగడం మొదలుపెడతాయట! యజమానులకి ఇదొక తలనొప్పి. అందుకని వాటిని చీకటిగదుల్లోనో, విడివిడి అరల్లోనో వుంచేవాళ్ళున్నారు. ఈ ముక్క చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. చీకటిగది అన్నచోట ఆగిపోయింది నవ్వు.

ఎందుకంటే చీకటిగది మనకి తెలిసిన మాట. లండనుకి పందేలు మొదలైన ఆ 1881లోనే, డిసెంబరు 11న, రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతువివాహం జరిపించారు. 1856లోనే చట్టం వచ్చినా, మన గడపదాకా రావడానికి పాతికేళ్ళు పట్టింది. శనివారం శనివారం తీరిపోయే వైధవ్యాన్ని ఆ గదుల్లోని పిల్లలు వింటే ఏమనుకునేవారో! అయినా పోల్చకూడదులెండి, పిట్టకీ మనిషికీ. పోల్చింది నేను కాదు, ఆ పేరు పెట్టినవాళ్ళు.

ఇంతలో కాలం మారింది. ఆడపావురాలని కూడా ఇదే పద్ధతిలో ఎగరేస్తే ఏమవుతుందని కొందరు చూశారు. ఇద్దరినీ వేరుచేసి ఇద్దరినీ పందేనికి పంపడమన్నమాట. ఆడవి తీసిపోలేదు. 2019లో అర్మాండో అనే మొగపావురం 12.5 లక్షల యూరోలకి అమ్ముడుపోతే, ఇక దీన్ని మించేది లేదనుకున్నారు. 2020 నవంబరులో బెల్జియంలోనే 'న్యూ కిమ్' అనే రెండేళ్ళ పావురాన్ని చైనా ఆసామీ ఒకాయన 16 లక్షల యూరోలకి పాడుకున్నాడు. అప్పటి మన లెక్కలో సుమారు 14 కోట్ల రూపాయలు. న్యూ కిమ్ ఆడపావురం. 2018 పందేల్లో పేరు తెచ్చుకుంది.

శభాష్ అనబోతున్నారా? కాస్త ఆగండి. అంత సొమ్ము పోసి కొన్నది మళ్ళీ ఎగరేయడానికి కాదు, గుడ్లు పెట్టించుకోవడానికి. అలా కొన్నదాన్ని ఇక పందేనికి పంపరు. మళ్ళీ వదిలితే అది చైనాలో ఆగుతుందనే నమ్మకం ఎవరికీ లేదు మరి. దానికి తెలిసిన ఇంటిదారి ఒక్కటే.