దూరం చాటున

మైపాడు బీచిలో పొద్దున్నే నికాన్ పి1000 పట్టుకుని నిలబడ్డాను. అర కిలోమీటరు అవతల అలివి వల లాగుతున్నారు. మామూలు కంటికి చీమల బారు. జూమ్ చివరిదాకా తిప్పి తీసి, ఫొటోని అక్కడే పెద్దది చేసి చూస్తే, తాడు పట్టిన ఒక పెద్దాయన. పళ్లు బిగించి, కళ్లు మూసుకుని ఉన్నాడు. అది బరువేనా, ఇంకేదైనా బాధా? తెలీలేదు.

ఇంజనీరు బుద్ధి కదా, లెక్క వేశాను. 2018లో వచ్చిన ఈ కెమెరాలో, జూమ్ చివర, కాంతి లోపలికొచ్చే దారి వెడల్పు 67 మిల్లీమీటర్లు. అంత సందులోంచి కిలోమీటరు దూరాన సెంటీమీటరు కన్నా చిన్న వివరం విడిగా కనిపించదు. అంటే ముఖానికి అడ్డంగా ఓ పదిహేను చుక్కలు. అర కిలోమీటరుకైతే ముప్పై. పదిహేను కూడా చాలు. 1973లో బెల్ ల్యాబ్స్‌కి చెందిన లియాన్ హార్మన్ లింకన్ బొమ్మని రెండువందల పైచిలుకు గళ్లకు కుదించినా జనం పోల్చుకున్నారు. ఇదంతా పొద్దుటి మాటే లెండి. ఎండెక్కితే ఇసుక మీద గాలి ఉడికి ముఖాలు కరిగిపోతాయి.

టెలిఫొటో లెన్సు 1891లో దాదాపు ఒకేసారి ముగ్గురి చేతుల్లో పుట్టింది: ఇంగ్లండులో డాల్‌మేయర్, జర్మనీలో స్టైన్‌హైల్, మీతె. నన్ను పట్టుకున్నది మాత్రం 1913 నాటి సంగతి. ఓటు హక్కు కోసం జైలుకెళ్లిన బ్రిటిష్ మహిళలు పోలీసు కెమెరా ముందు కుదురుగా నిలబడేవాళ్లు కాదు. తల తిప్పేవాళ్లు, మొహం వికారంగా పెట్టేవాళ్లు. ఎవలిన్ మానెస్టా అనే ఆవిడ మెడ చుట్టూ వార్డరు చెయ్యి వేసి పట్టుకుంటే గానీ ఫొటో రాలేదు. ఆ చెయ్యిని తర్వాత రీటచింగ్‌లో చెరిపేశారు! ఈ గొడవంతా ఎందుకని స్కాట్లండ్ యార్డ్ 11 అంగుళాల రాస్ లెన్సు కొన్నది. హాలోవే జైలు ఆవరణలో వాళ్లు నడుస్తుంటే చాటుగా తీసింది. 11 అంగుళాలంటే 280 మిల్లీమీటర్లు, ఇవాళ పిట్టల ఫొటోలు తీసేవాళ్లకి చిన్నది. ఆ లెన్సు వాళ్ల దగ్గర లాక్కున్నది ముఖం తిప్పుకునే వీలు. తమని చూస్తున్నారని తెలిస్తేనే కదా తిప్పుకునేది.

బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన గోప్యత పోదని 2017లో పుట్టస్వామి తీర్పు చెప్పింది. బీచిలో ఎవరైనా ఫొటో తీసుకోవచ్చని నేనూ వాదించేవాణ్ణే.

వల ఒడ్డుకొచ్చాక దగ్గరికెళ్లాను. పెద్దాయన కెమెరా వైపు చూసి, "ఆణ్ణించి దేనికబ్బయ్యా తీస్తా ఉండావు, దగ్గరికి రాగూడదా?" అన్నాడు. తువ్వాలు విదిలించి భుజాన వేసుకుని, తల దువ్వుకున్నట్టు చేత్తో సర్దుకుని, నవ్వకుండా నిటారుగా నిలబడ్డాడు. తీశాను. అది వాళ్లబ్బాయి వాట్సాప్‌కి పంపమన్నాడు.

పంపాను. మొదటిది చూపించలేదు.