పదకొండో రోజు రాత్రి

2009 డిసెంబరు 9, బుధవారం. హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి ముందు బారికేడ్లు, టీవీ చానెళ్ల వ్యాన్లు. లోపల ప్రత్యేక తెలంగాణ కోసం కె.చంద్రశేఖరరావు చేస్తున్న నిరాహారదీక్ష పదకొండో రోజుకు చేరింది. తెలంగాణ కోసం ఒంటికి నిప్పంటించుకున్న శ్రీకాంతాచారి డిసెంబరు 3న కన్నుమూశాడు. తెల్లారితే విద్యార్థుల అసెంబ్లీ ముట్టడి.

నిమ్స్ నుంచి బల్కంపేట నడిచిపోయేంత దూరమే. అక్కడ ఎల్లమ్మ గుడి చుట్టుపక్కల గల్లీల నిండా కోచింగ్ విద్యార్థుల హాస్టళ్లు. ఏ గది తలుపు తట్టినా ఒక మంచం కరీంనగర్ కుర్రాడిది, పక్కది గుంటూరు వాడిది, మూలది అనంతపురం వాడిది. దిండ్ల పక్కన జావా, ఒరాకిల్ జిరాక్స్ నోట్సు. ఒకడి ఫోన్లో "గొడవలంట గదరా, వచ్చెయ్" అని, ఇంకొకడి ఫోన్లో "బిడ్డా, బయటికి పోకు" అని.

రాత్రి పదకొండున్నర అవుతుండగా ఢిల్లీలో హోం మంత్రి చిదంబరం గొంతు విప్పారు. తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందన్నారు. నిమ్స్ దగ్గర టపాసులు పేలాయి, దీక్ష ముగిసింది. హాస్టల్ గదుల్లో ఒక మంచం మీద కేరింత, పక్క మంచం మీద మౌనం.

ఈ నగరం ఇలా ఊపిరి బిగబట్టడం మొదటిసారి కాదు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం అయిదు రోజుల్లో హైదరాబాద్ సంస్థానాన్ని చుట్టేసినప్పుడు, 17 సాయంత్రం నిజాం లొంగుబాటు మాట జనం రేడియోలో విన్నారు. 1969 తెలంగాణ ఉద్యమంలో కాల్పులకు పోయినవాళ్ల కోసం గన్‌పార్కులో స్తూపం నిలిచింది.

మళ్లీ 2009కి వస్తే, డిసెంబరు 23న కేంద్రం ఆ ప్రకటన నుంచి వెనక్కి తగ్గింది. అప్పటి నుంచి నాలుగున్నరేళ్లు బంద్‌లు, కమిటీలు, 42 రోజుల సకల జనుల సమ్మె. అటువైపు రాష్ట్రాన్ని విడదీయొద్దంటూ సమైక్యాంధ్ర ఉద్యమం. "మీదే ఊరు?" అని ఎవరైనా అడిగితే జవాబుకు ముందు కుర్రాళ్లు ఒక్క క్షణం ఆగిన రోజులవి. మాటలు పడ్డవాళ్లున్నారు, గది మారినవాళ్లున్నారు. దాచాల్సిన పని లేదు. అయినా బంద్ నాడు మెస్ షట్టరు సగం దించి లోపల అందరికీ అన్నం వడ్డించారు. తెల్లారగానే మళ్లీ క్లాసులు. నాయకులు తేల్చలేని కాలాన్ని ఈ పిల్లలు చదువుతో దాటారు. నా దృష్టిలో ఇదీ నగరం సాధించిన విజయమే.

2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. 2024 జూన్ 2తో హైదరాబాద్‌కు ఉమ్మడి రాజధాని గడువూ తీరింది. రెండు రాష్ట్రాల పిల్లలూ కోచింగ్ సెంటర్లున్న మైత్రివనం దగ్గర బ్యాగులతో ఇంకా దిగుతూనే ఉన్నారు. వాళ్లను ఊరి పేరు అడిగితే ఆప్యాయంగా అడగండి.