లైలా పేరిట వెలువడిన జంట రికార్డు

లైలా యను పేరు విన్నంతనే మనలో పెద్దవారికి 1949లో భరణీ వారు తీసిన చిత్రము స్ఫురించును. పి.ఎస్. రామకృష్ణారావు దర్శకత్వమున భానుమతి లైలాగా, అక్కినేని నాగేశ్వరరావు ప్రియునిగా నటించిరి, సంగీతము సి.ఆర్. సుబ్బరామన్‌ది. మదరాసున నుండి తెలుగువారు అరబ్బు ఎడారి కథను తమ కథగా చేసికొనిరి. అదే కథ ఇరువదియొక్క యేండ్లకు అమెరికాలోని మయామీ నగరమున మరియొక రూపు దాల్చినది. ఆ వృత్తాంతమును పాఠకుల ముందుంచుచున్నాము.

బ్లూస్ అనునది అమెరికాలో నల్లజాతివారి కష్టముల నుండి పుట్టిన గానము. దానిని విద్యుత్ గిటారులతో ఉద్ధృతముగా వాయించువారిలో ఎరిక్ క్లాప్టన్ అను ఆంగ్లేయుడు ప్రసిద్ధుడు. 1970 నాటికి ఆ ప్రసిద్ధియే అతనికి భారమయ్యెను. ముగ్గురు అమెరికనులతో, అనగా బాబీ విట్‌లాక్, కార్ల్ రేడిల్, జిమ్ గోర్డన్‌లతో, 'డెరిక్ అండ్ ది డామినోస్' అను మారుపేరున మేళము కట్టెను. తన మిత్రుడు జార్జి హారిసన్ భార్యయైన ప్యాటీ బాయిడ్ మీది వలపు అతనిని దహించుచున్న కాలమది. పన్నెండవ శతాబ్దపు పారశీక కవి నిజామీ కావ్యమున అతడు తన గతినే చూచుకొనెను.

ఆగస్టులో క్రైటీరియా స్టూడియోలో పని మొదలయ్యెను. నిర్వాహకుడు టామ్ డౌడ్ క్లాప్టన్‌ను డ్వేన్ ఆల్‌మన్ కచేరికి తీసికొనిపోయెను. అది మొదలు ఆ ఇరువురి గిటారులు జుగల్బందీగా సాగినవి. ఆల్‌మన్ వ్రేలికి గాజుసీసా తొడిగి తంత్రులపై జార్చెడివాడు. మన వీణపై గమకము నెరిగినవారికి ఆ జారుడు పరాయిదిగా తోచదు. 'కీ టు ది హైవే' అను పాత పాట వారు ఊరక ఎత్తుకొనగా యంత్రము నడుచుట లేదు. డౌడ్ కేకవేసి నడిపించెను. కనుకనే రికార్డున ఆ పాట నడుమ నుండి వినవచ్చును.

నవంబరులో జంట రికార్డు వెలువడినది. అట్టపై కళాకారుల పేరు లేదు, ఒక స్త్రీ చిత్రము మాత్రమున్నది. కొనువారికి డెరిక్ ఎవరో తెలియలేదు. డెరిక్ అనగా ఎరిక్కే యని బిళ్ళలు పంచవలసివచ్చెను! అమెరికాలో పదునారవ స్థానము దక్కినను, క్లాప్టన్ స్వదేశమున పట్టికకే ఎక్కలేదు. 1971లో మేళము విచ్ఛిన్నమయ్యెను. అక్టోబరు 29న ఆల్‌మన్ మోటారు సైకిలు ప్రమాదమున మరణించెను. 'లైలా' పాట కత్తిరింపు లేక 1972లో మరల వెలువడినపుడు అమెరికాలో పదవ, బ్రిటనులో ఏడవ స్థానము పొందెను. 2000లో ఆ ఆల్బము గ్రామీ వారి గౌరవశాలలో చేరెను.

కర్తృత్వము విషయమున మాత్రము మాకొక కొరత తోచుచున్నది. ఆ పాట చివరి పియానో భాగమునకు గోర్డన్ పేరే వేసిరి. గాయని రీటా కూలిడ్జ్ ఆ స్వరములు తనవని 2016లో తన ఆత్మకథయందు వ్రాసికొనెను. విట్‌లాక్ సయితము ఆమె పక్షమునే పలికెను. అదే రికార్డున 'ఐ యామ్ యువర్స్' అను పాటకు మాత్రము, ఎనిమిది శతాబ్దుల నాటి నిజామీ పేరు క్లాప్టన్ పేరు ప్రక్కన అచ్చుపడి యున్నది.