ట్రాన్స్‌మిటర్‌కు రెండో దారి

రేడియో మాట గాలిలో వస్తుందంటాం గానీ, గాలెక్కేముందు అది చాలాకాలం టెలిఫోన్ తీగ మీద ప్రయాణం చేసింది. స్టూడియో ఊరి నడుమ, ట్రాన్స్‌మిటర్ ఊరవతల. 1925లో బీబీసీ డావెంట్రీలో నెలకొల్పిన లాంగ్‌వేవ్ కేంద్రానికి లండన్ కార్యక్రమాలు పోస్టాఫీసు లైన్ల మీదే అందేవి. తీగ తెగిందా, ట్రాన్స్‌మిటర్ నిక్షేపంగా ఉన్నా శ్రోతకు నిశ్శబ్దమే. మరో లైను అద్దెకు తీసుకోవచ్చు. కానీ రెండూ ఒకే స్తంభాల వరస మీద సాగితే ఒక్క గాలివాన చాలు.

తీగను వదిలే దారి అమెరికాలో తెరుచుకుంది. 1939లో యాంకీ నెట్‌వర్క్ ప్యాక్స్‌టన్ కొండ మీద, ఆర్మ్‌స్ట్రాంగ్ కనిపెట్టిన ఎఫ్.ఎం. పద్ధతిలో కేంద్రం పెట్టి, బోస్టన్ స్టూడియో నుంచి కార్యక్రమాన్ని రేడియో లింకు మీదే పంపింది. ఎఫ్.ఎం. నాణ్యతను మామూలు టెలిఫోన్ లైను మోయలేదు మరి. ఆ తర్వాత పొరుగు కేంద్రం ప్రసారాన్నే యాంటెనాతో పట్టి మళ్లీ వదలడం చవకైన ఆసరా అయింది. పొరుగు కేంద్రం మూగబోతే మాత్రం ఇదీ మూగబోతుంది.

మన ఆకాశవాణికి ఆ పట్టి వదలడమే ఏళ్ల తరబడి అసలు దారి. ఢిల్లీలో చదివిన తెలుగు వార్తలను ఇక్కడి కేంద్రాలు షార్ట్‌వేవ్‌లో అందుకుని మీడియంవేవ్‌లో వినిపించేవి. గొంతు దగ్గరికొచ్చినట్టే వచ్చి, గరగరల మధ్య దూరమైపోయేది. పాత శ్రోతలకు ఆ ఎగుడుదిగుళ్లు కూడా వార్తల్లో భాగమే! 1983లో ఇన్‌శాట్-1బి ఎగిరాక ఆ దశాబ్దంలోనే ఉపగ్రహం ఆ పని అందుకుంది. దాని తిప్పలు దానివి: మార్చిలోనూ, సెప్టెంబరు–అక్టోబరుల్లోనూ కొన్ని రోజులు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి, కాసేపు డిష్‌ను తన రొదతో నింపేస్తాడు. ఏ నిమిషానికో ముందే లెక్కగట్టొచ్చు, ఆపడం మాత్రం ఎవరి తరమూ కాదు.

దారి మార్చే పని ఇప్పుడు నిశ్శబ్దాన్ని కనిపెట్టే పరికరానిది. పెట్టిన గడువు దాటి శబ్దం రాకపోతే రెండో దారికి మళ్లిస్తుంది, అదీ లేకపోతే ట్రాన్స్‌మిటర్ దగ్గరే దాచిన రికార్డింగ్ మొదలవుతుంది. గడువు మరీ తగ్గిస్తే నాటకంలో పాత్ర ఊపిరి తీసుకున్నా దారి మారిపోతుంది.

రెండో దారి ఇంటర్నెట్ అయ్యాక కొత్త బెడద మొదలైంది. 2016 ఏప్రిల్‌లో అమెరికాలో కొన్ని కేంద్రాల రిసీవర్లు సరైన పాస్‌వర్డు లేకుండా నెట్‌లో బయటికి కనిపిస్తుండగా, ఎవరో చొరబడి అశ్లీలమైన పాడ్‌కాస్ట్ వినిపించారు. శబ్దం ఆగలేదు కాబట్టి నిశ్శబ్దాన్ని కనిపెట్టే పరికరానికి అందులో పట్టుకోవడానికేమీ లేదు.