పత్తి బేలులో దాగిన నిప్పు

బాసరలో గోదావరి ఒడ్డున, జ్ఞానసరస్వతి సన్నిధిలో పసివాని చేయి పట్టి మొదటి అక్షరం దిద్దిస్తారు. చదువుతో అవసరం పడకముందే అక్షరం చేతికి రావాలని పెద్దల తలంపు. నిప్పు నుండి కాపాడుకొనే విద్యకు కూడా ఇదే నియమం. ఇందుకు సాక్ష్యం పత్తి చరిత్రలో ఉన్నది.

1900 ప్రాంతంలో సికింద్రాబాదు నుండి నిజామాబాదు, బాసర, నాందేడుల మీదుగా మన్మాడుకు రైలుమార్గం పడినది. ఇక్కడి నల్లరేగడి పత్తికి బొంబాయి దారి సుగమమైనది. భైంసా, ఆదిలాబాదు వంటి పట్టణాలలో గింజ తీసే జిన్నింగు మిల్లులు, బేళ్ళు కట్టే ప్రెస్సులు వెలసినవి. ఒకప్పుడు ఇంటింటా చేతి చర్ఖీ మీద జరిగిన పని ఒకే కప్పు క్రిందికి వచ్చినది. పనితో పాటు ప్రమాదమూ పెరిగినది.

పత్తిలో ఒక గులకరాయో, ఇనుప ముక్కో ఉండి యంత్రంలో పడితే చాలు, నిప్పురవ్వ లేస్తుంది. గాలిలో తేలే నూగు దానికి తోడైతే మంట క్షణంలో గదిని చుట్టుకొంటుంది. అంతకన్న మోసకారి, బేలులో చిక్కిన రవ్వ. సుమారు 170 కిలోల దూదిని అదిమి కట్టిన బేలులో పైకి మంట కనిపించదు. లోపల మాత్రం నిప్పు రోజుల తరబడి రాజుకొంటూ ఉండగలదు.

పత్తి బేళ్ళకు పేరుపడిన రేవు బొంబాయి. అక్కడ 1944 ఏప్రిల్ 14న ఏమి జరిగినదో చూడండి. కరాచీ నుండి వచ్చిన ఫోర్ట్ స్టికీన్ ఓడలో పత్తి బేళ్ళతో పాటు సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రి ఉన్నది. మధ్యాహ్నం పొగ కనిపించినది. నీరు ఎంత కుమ్మరించినా దట్టమైన పొగలో మంట మూలం దొరకలేదు. సాయంత్రం నాలుగు దాటగానే ఓడ బ్రద్దలైనది. వందలాది ప్రజలు మరణించారు. అగ్నిమాపక దళంవారే 66 మంది ప్రాణాలర్పించారు. వారి స్మృతికే ఏటా ఏప్రిల్ 14 నుండి అగ్నిమాపక వారోత్సవం జరుగుతున్నది.

నాలుగేండ్లకు 1948 ఫ్యాక్టరీల చట్టం వచ్చినది. సులభంగా అంటుకొనే సరుకులున్న కర్మాగారాలలో పనివారందరికీ బయటపడే మార్గాలు తెలియాలనీ, అప్పుడు చేయవలసిన పనిలో తగిన శిక్షణ ఉండాలనీ అది విధించినది. యజమానికి, మేస్త్రీకి తెలిస్తే చాలునని చెప్పలేదు, పనివారందరికీ అన్నది. అందులోని గొప్ప మాట అదే.

అయితే జిన్నింగు పని కొన్ని నెలలది. నిరుడు నేర్చిన కూలీ ఈ ఏడు రాకపోవచ్చును. కనుక వచ్చిన మొదటి రోజే, కూలీ ఆడదైనా మగవాడైనా, నాలుగు మాటలు నేర్పవలెను: బీడీ, అగ్గిపెట్టె గేటు వద్దనే విడువవలెను, తలుపులకు అడ్డంగా బేళ్ళు పేర్చరాదు, కమురు వాసన తగిలితే కేక వేసి యంత్రం ఆపించవలెను, అనుమానపు బేలును లోపల విప్పరాదు, గాలి తగిలితే భగ్గుమంటుంది. ఈ పాఠం చెప్పి ఊరుకొనక, ఆ తలుపు దాకా ఒకసారి నడిపించి చూపవలెను.

పలక మీది అక్షరం చెరిగితే మళ్ళీ దిద్దవచ్చును. నిప్పు ముందు రెండవసారి దిద్దుకొనే వ్యవధి ఉండదు.